గాలి ముడి

రంగుల గది తలుపుకు గొంగడి కట్టిన.
కింది సందుల పాత లుంగీ కుక్కిన.
ఇంకా ఎక్కడో సూదిమొనంత వెలుగు.
దాన్ని వెతికి మైనంతో మూసేసరికి
గట్టుప్పల్ మొత్తం మాయమై
నా వేళ్లు మాత్రం మిగిలినయి.

పన్నెండు బొమ్మల రీలు.
కోఠిల పాతసామాన్ల అంగడిల కొన్న బేకలైట్ డబ్బా.
చీకట్ల ఫిలిం చుట్టుడంటే
కండె చుట్టినట్టే అనుకున్న గని
నూలు తెగితే అతుకుతది.
ఇది అతకదు.

మందుపొడి తూచిచ్చింది అవుసుల బ్రహ్మచారి.
"బంగారం తప్ప ఈ తాసుల ఇంకోటి ఎక్కలే ఇయ్యాల్టిదాంక" అనుకుంటనే
గురిగింజెత్తు ఎక్కువ పోసిండు.
నీళ్లేమో ఇరవై డిగ్రీలే ఉండాలె.
వైశాఖం. రంజన్ల నీళ్లు గూడ
జ్వరమొచ్చిన మనిషోలె ఉన్నయి.
ఇంట్ల ఉన్న జ్వరం గొట్టం
ముప్పై అయిదుకు కింద ఏదీ చదవదు.
ఐసుగోలీల సాయిలు కాడ రూపాయి గడ్డ తెచ్చి ఏసి
మోచేయి ముంచి చూసి
సరే అనుకున్న.

డబ్బా మూత పడ్డంక గొంగడి తీసిన.
అండాలత్త వచ్చి కూసున్నది
చట్రానికి సాగదీసిన నూలు ముందల,
సైకిల్ ట్యూబు చీలికలతో చిటికి కట్టుకుంట.
గడియారం లేదు.
ఆమె ముడులే నా నిమిషాలు.
"అరవై కాంగనె చెప్పత్తా."

"లోపల ఏం జేస్తదిరా ఆ మందు?"
"వెలుగు తగిలిన కాడ నల్లగ జేస్తది,
తగలని కాడ ఉత్తగ ఇడిసిపెడ్తది."
పంటితోని ముడి బిగించి అన్నది:
"కట్టిన కాడ తెలుపు, కట్టని కాడ రంగు.
మా పనే గదరా,
నీకు కోఠిల అమ్మిండ్రా?"

పదిహేడో ముడి కాడనో
పద్దెనిమిదో ముడి కాడనో
ఎన్నడెత్తని మామ ముచ్చట ఎత్తింది.
మగ్గం గుంతల కాళ్లు పెట్టుకొనే నిద్రపోయేటోడట.
తట్టి లేపితే, నాడె చేతులనే ఉండంగ,
"లేపింది నువ్వా, నీ గాజులా?" అని అడిగేటోడట.
ఆమె నవ్వింది. నేను గూడ నవ్విన.

డబ్బాను నేలకు తట్టాలె,
లోపలి బుడగలు రాలిపోవాలె.
అది మరిచిన.

"అరవై రెండయినయిరా. రెండెక్కువ."

హైపో. కడుగుడు.
ఆసుకు చిమ్టా పెట్టి ఏలాడదీస్తే
చుక్కలు చుక్కలుగ నీళ్లు కారుకుంట ఫిలిం.
నెరిసిన ఎంటికలు నల్లగ,
నవ్విన పళ్లు నల్లగ,
అత్త బొమ్మ అత్తకంటె ముప్పయ్యేండ్లు చిన్నది.
నేను చూడక ముందే ఆమె చూసింది,
తలకిందుల నూలు చదివే కండ్లు గద.
నొసటి మీద వేలు ఆనియ్యకుంట చూపెట్టింది:
"ఈడ ముడి పడ్డది. మందు పోలే."
"బుడగత్తా. గాలి అంటుకున్నది."
"గాలి గూడ కడతదా?"

రాత్రి, ఎర్రబుగ్గ కింద,
పటం ఊడదీసిన అద్దం కింద కాయితం పెట్టి
వెలుగు చూపి, తాంబాలంల ముంచితే
ముందు చెవుల కమ్మలొచ్చినయి,
తర్వాత ఆ నవ్వు,
ఆ తర్వాత
ఇరవై ఏండ్ల సంది ఉత్తగున్న నొసటి మీద
నల్లగ, గుండ్రంగ,
ఎవలో అద్దంల చూసుకొని పెట్టినంత నడిమధ్యల
బొట్టు.

మిగతా పదకొండు బొమ్మలు వెతికిన.
ఇంకొక్క బుడగ లేదు.

"తప్పయింది అత్తా. గీకితే పోతది,
కనపడకుంట జేస్త" అని బ్లేడు అందుకున్న.
ఆమె తడి కాయితాన్ని రెండు మూలలు పట్టి
ఎర్ర ఎలుతురుకు ఒంచి చూసింది,
చీర అంచుల పోగు తప్పిందేమో చూసినట్టు.
శానా సేపు చూసింది.
"రంగు పట్టినంక
ముడి ఎవలు కట్టిండ్రని అడుగుతరార?"

నా చేతిల బ్లేడు తీసుకొని
సైకిల్ ట్యూబు చీల్చుకుంట కూసున్నది.
పొద్దుగాలకు పావుశేరు చీలికలు కావాలెనట.